మీ ప్రశ్న – మా జవాబు: తుంటి నొప్పి, స్వీడిష్ ఫారం, ఒక్క టిక్కు

తుంటి కీలు గురించి పోయిన సంచికలో రాసిన నాలుగు ముక్కలకు స్వీడన్‌లో ఉంటున్న పాఠకుల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చాలామంది అడిగింది ఒకే ఫారం గురించి: ఆటల పేర్లు వరసగా ఉండి, 0 నుంచి 8 దాకా ఏదో ఒక మెట్టు మీద టిక్కు పెట్టమనేది. దాని పేరు హిప్ స్పోర్ట్స్ యాక్టివిటీ స్కేల్. ఈ నెలంతా దానికే ఇచ్చేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, గోథెన్‌బర్గ్‌లో ఉంటాను. కుడి గజ్జలో ఏడాదిగా నొప్పి, కిందకి కూర్చుని లేస్తే పట్టేసినట్టు ఉంటుంది. తుంటిలో ఇంపింజ్‌మెంట్ అన్నారు, ఆర్థ్రోస్కోపీ (చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే కీలు ఆపరేషన్) చేద్దామన్నారు. ముందుగా నింపమని ఫారాల కట్ట ఇచ్చారు. అందులో మీరు చెప్పే ఆటల ఫారం కూడా ఉంది. నేను ఏ ఆటా ఆడను. సున్నా పెడితే సోమరి అనుకుని ఆపరేషన్ వెనక్కి నెట్టేస్తారేమోనని టెన్షన్. "2 పెట్టెయ్, ఎవరు చూస్తారు" అంటున్నారు మావారు.

జవాబు: సున్నా అయితే సున్నానే పెట్టండమ్మా. మీవారి సలహా ఈ ఒక్క విషయంలో వినకండి.

ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఈ టిక్కు చూసి తేల్చరు. 2016లో ఇంగ్లండ్‌లోని వార్విక్‌లో నిపుణులు కూర్చుని ఒప్పుకున్న లెక్క ప్రకారం ఈ జబ్బుకు మూడూ కలవాలి: మీరు చెప్పే బాధ, డాక్టరు కాలు వంచి తిప్పి చూసినప్పుడు కనపడే లక్షణం, ఎక్స్‌రేలో ఎముక ఆకారం. తొడ ఎముక తల కిందుగా చిన్న గడ్డలా ఉబ్బి ఉండటమో, ఆ తల కూర్చునే గిన్నె అంచు ముందుకు పొడుచుకొచ్చి ఉండటమో, రెండూ కలిసో, కాలు బాగా వంచి లోపలికి తిప్పినప్పుడు ఎముకకు ఎముక తగులుతుంది. అందుకే మీకు కిందకి కూర్చున్నప్పుడు పట్టేస్తోంది. ఇందులో మీరు హాకీ ఆడతారా, సోఫాలో కూర్చుంటారా అన్న ప్రశ్నే లేదు.

మరి ఫారం ఎందుకు అంటే, తర్వాత పోల్చడానికి. ఇవాళ లేని 2 పెట్టేశారనుకోండి. ఆపరేషన్ అయ్యి ఏడాది తిరిగేసరికి నిజంగానే మీరు వారానికి రెండుసార్లు ఏదో ఒక ఆటకు వెళ్తూ నిజమైన 2కి చేరారనుకోండి. కాగితం మీద ఏం కనపడుతుంది? ముందు 2, తర్వాత 2, ఏమీ మారలేదు. మీకు జరిగిన మేలును మీరే చెరిపేసుకున్నట్టు. గోథెన్‌బర్గ్‌లో తుంటి ఆర్థ్రోస్కోపీ చేయించుకున్నవాళ్ల వివరాలు ఒక రిజిస్టర్‌లో రాసి పెడతారు, అందులో ఈ స్కేలుతో పాటు తుంటి, గజ్జల బాధ గురించి అడిగే హేగోస్, ఐహాట్-12, మొత్తం ఆరోగ్యం గురించి అడిగే ఈక్యూ-5డి అనే ఫారాలు కూడా ఉంటాయి. అందరూ మీవారిలా మొహమాటానికి రెండేసి కలుపుకుంటే ఆ రిజిస్టర్ ఎందుకూ పనికిరాదు.

ఇంకో మాట. ఆఫీసుకు రోజూ సైకిల్ మీదే వెళ్తున్నానని ఉత్తరం చివర్లో ఎక్కడో రాశారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఫారంలో సైకిల్ ఏ వరసలో ఉందో చూసి, అది మీకు సరిపోతుందా అని మీ ఫిజియోథెరపిస్టునే అడగండి. అదెలాగూ ఆట కాదులే అని మీకు మీరే కొట్టేసుకోకండి.

ప్రశ్న: నేను స్వీడన్‌లో ఫిజియోథెరపీలో మాస్టర్స్ చేస్తున్నాను. ఇలాంటి స్కేలును స్వీడిష్‌లోకి తెచ్చే పద్ధతి మీద సెమినార్ ఇవ్వమన్నారు. చదువుతుంటే నవ్వొస్తోంది సార్. ఒక పేజీ కూడా నిండని ఫారానికి నలుగురు అనువాదకులు, ఒక కమిటీ, మళ్లీ వంద మంది పేషెంట్లు! రెండు భాషలూ వచ్చిన ఒక్క మనిషి మధ్యాహ్నం కాఫీ తాగేలోపు చేసే పని కదా?

జవాబు: చేస్తాడు. చేసింది తప్పని తెలిసేసరికి మూడేళ్లు పడుతుంది, అదీ తంటా.

ముందు పద్ధతి చెప్పేస్తాను, అది మీ స్లైడ్లలో ఎలాగూ ఉంటుంది. 2000లో బీటన్, ఆమె తోటివాళ్లు రాసిన మార్గదర్శకాలనే ఎక్కువమంది పాటిస్తారు. స్వీడిష్ మాతృభాషగా ఉన్న ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, ఒకరికి విషయం తెలిసి ఉండాలి, ఇంకొకరికి తెలియకూడదు. రెండూ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి మూలభాషలోకి మారుస్తారు. అందరూ కూర్చుని తేడాలు తేల్చుకుంటారు. ఆ తర్వాత 30, 40 మందికి ఇచ్చి నింపించి, "ఈ మాటకి మీకేం అర్థమైంది?" అని ఒక్కొక్కరినీ అడుగుతారు. నన్నడిగితే అసలు పనంతా ఈ చివరి మెట్టులోనే ఉంది. మొదటి నాలుగూ బాగా చేసి దీన్ని తూతూమంత్రంగా ముగించేవాళ్లే ఎక్కువ.

విషయం తెలియని అనువాదకుడెందుకు అంటారా? డాక్టరు అనువదిస్తే డాక్టరు భాష వస్తుంది. తుంటికి స్వీడిష్‌లో హెఫ్ట్ అనే మాట ఉంది, గజ్జకు యుమ్స్కె అని వేరే మాట ఉంది. తుంటి కీలులో లోపమున్నా చాలామందికి నొప్పి తెలిసేది గజ్జలోనే. "మీ తుంటి వల్ల" అని ఫారం అడిగితే, నా బాధ తుంటిలో కాదే, గజ్జలో కదా అని పేషెంటు ఆగిపోతాడు. డాక్టరుకు ఆ అనుమానమే రాదు, ఎందుకంటే ఆయన లెక్కలో రెండూ ఒకటే.

ఇక ఆటల స్కేలు దగ్గరకొస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ఇది స్విట్జర్లాండ్ డాక్టర్లు ఇంపింజ్‌మెంట్ పేషెంట్ల కోసం తయారుచేసి 2013లో ప్రచురించిన స్కేలు. కింద 0 అంటే ఆటలే లేవు, పైన 8 అంటే ఎలైట్ స్థాయి పోటీ. మధ్యలో మెట్లన్నీ రెండు విషయాల మీద నిలబడ్డాయి: ఏ ఆట, ఏ స్థాయిలో. ఈ "ఏ స్థాయిలో" అన్న దగ్గరే స్వీడిష్ మనల్ని ఒక ఆట ఆడిస్తుంది.

స్వీడిష్‌లో ఇద్రొత్ అనే మాట ఉంది, స్పోర్ట్ అనే మాట కూడా ఉంది, రెండూ ఆటలే కానీ వాడే చోట్లు కొంచెం వేరు. ఇవి కాక మొత్షూన్ అని ఇంకోటి: ఒంటికి మంచిదని, ఆరోగ్యం కోసం చేసే వ్యాయామం. అలా చేసేవాడు మొత్షునేర్. ఇంగ్లిష్‌లో రిక్రియేషనల్ (పోటీకి కాక సరదాకి ఆడేది) అని ఉన్నచోట మొత్షూన్ అని రాసేస్తే సరిపోయినట్టే ఉంటుంది, తిరుగు అనువాదంలో కూడా పట్టుబడదు. ఇప్పుడు సాలెన్ నుంచి మూరా దాకా 90 కిలోమీటర్లు స్కీయింగ్ చేసే వాసలోపెట్‌ను తీసుకోండి. 1922 నుంచి జరుగుతోంది, ప్రతి మార్చిలో వేలమంది దిగుతారు. ఛాతీ మీద నంబరు ఉంటుంది, టైమ్ రాస్తారు, ఫలితాల జాబితాలో పేరొస్తుంది. అందులో 90 కిలోమీటర్లు పూర్తిచేసిన యాభై ఏళ్ల అకౌంటెంట్‌ను "మీరు పోటీ క్రీడాకారులా?" అని అడిగి చూడండి. "అబ్బే, నేను మొత్షునేర్‌ని" అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. కానీ ఏడాదంతా అతని తుంటి మీద పడిన బరువు ఎంత? ఊళ్లో చిన్న డివిజన్‌లో ఆదివారాలు ఫుట్‌బాల్ ఆడుతూ "నేను పోటీల్లో ఆడతాను" అని ధీమాగా టిక్కు పెట్టే కుర్రాడికంటే ఎక్కువే కావచ్చు.

మాటకు మాట సరిగ్గానే పడింది, తప్పు మెట్టు మీద మనిషి పడ్డాడు. నిఘంటువు చూస్తే ఇది దొరకదు, తిరుగు అనువాదం చేసినా దొరకదు, ఆ అకౌంటెంట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఇక్కడెందుకు పెట్టారు?" అని అడిగితేనే దొరుకుతుంది. మీ సెమినార్‌లో పది నిమిషాలుంటే ఎనిమిది నిమిషాలు దీనికే పెట్టండి, మీ గైడ్ ఏమన్నా నా పేరు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇన్నెబాండి (హాల్లో కర్రలతో, బంతితో ఆడే హాకీలాంటి ఆట) ఆడతాడు, అంతకుముందు ఐస్ హాకీలో గోల్‌కీపర్. ఇప్పుడు 19 ఏళ్లకే తుంటి సమస్య. వేరే భాషలో పుట్టిన ఫారంలో తన ఆట లేకపోతే వాడు ఎక్కడ పెట్టాలి? ఇంతకీ మోకాలికి వాడే టెగ్నర్ స్కేలు స్వీడన్‌దే కదా, అది చాలదా?

జవాబు: మంచి ప్రశ్న వేశారండీ, రెండోది మరీను.

టెగ్నర్ స్కేలు స్వీడన్‌లోనే పుట్టింది, 1985లో, మోకాలి లిగమెంట్లు తెగినవాళ్ల కోసం. అందులో 0 నుంచి 10 దాకా మెట్లు, ఆటలతో పాటు పని కూడా ఉంటుంది, అడవిలో చెట్లు కొట్టే బరువు పని దాకా. మంచు మీద బంతితో ఆడే బాండి కూడా ఉంది. కాగితం మీద స్వీడన్ వాసనే. కానీ మెట్లు పేర్చింది మోకాలిని చూసి. మోకాలికి ప్రమాదం ఉరుకుతూ ఒక్కసారి ఆగి తిరగడంలో. ఇంపింజ్‌మెంట్ ఉన్న తుంటికి ప్రమాదం బాగా వంగి లోపలికి తిరగడంలో. గోల్‌కీపర్ మోకాళ్లు రెండూ మంచు మీద ఆనించి కాళ్లు బయటికి పరిచేస్తాడు చూడండి, ఆ భంగిమ తుంటిని ఎలా మెలిపెడుతుందో మీ అబ్బాయిని అడిగితే చెప్తాడు. ఎముక పెరిగే వయసులో ఐస్ హాకీలాంటి ఆటలు గట్టిగా ఆడినవాళ్లలో తొడ ఎముక దగ్గర ఆ గడ్డలాంటి ఉబ్బు ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశోధనల్లో వచ్చింది. మీరేదో తప్పు చేశారని అనడం లేదు, ఆడనివ్వడం మంచిదే. మోకాలి కొలబద్దతో తుంటిని ఎందుకు కొలవకూడదో చెప్పడానికే ఇదంతా.

ఆట జాబితాలో లేకపోతే ఏం చేయాలన్నదానికి స్కేలును ఇంకో దేశానికి తెచ్చేవాళ్ల దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, ఆ దేశంలో జనం ఆడే ఆటను తగిన మెట్టులో చేర్చడం. రెండు, జాబితా ముట్టుకోకుండా "మీ ఆటకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి" అని రాయడం. నాకు మొదటిదే ఇష్టం, కానీ దానికో ఖర్చుంది. ప్రతి దేశం తన ఆటలు చేర్చుకుంటూ పోతే స్వీడన్‌లో 5, స్విట్జర్లాండ్‌లో 5 ఒకటే అని చెప్పే ధైర్యం తగ్గుతుంది, అసలు అనువాదం చేసిందే పోల్చుకోవడానికి కదా. కాబట్టి చేర్చే ఆట ఎంత ప్రసిద్ధమో కాదు, తుంటి మీద ఎంత పని పెడుతుందో చూసి చేర్చాలి. ఇన్నెబాండి హాల్లో ఆడేది, ఉరుకులు, ఆగడాలు, నడుం వంచి తిరగడాలు. మీ వాడు చేతిలో ఉన్న ఫారంలో ఇలాంటి ఇండోర్ ఆటలున్న వరస చూసుకుని, లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాడా, సరదాగా ఆడుతున్నాడా అన్నదాన్ని బట్టి పెట్టాలి. పక్కన ఖాళీలో "ఇన్నెబాండి" అని రాయమనండి. ఇప్పుడు ఆడుతున్న స్థాయి అడిగారా, నొప్పి రాకముందుదా అన్నది రెండుసార్లు చదువుకోమనండి, కుర్రాళ్లు ఎక్కువ పొరపాటు పడేది అక్కడే.

ప్రశ్న: నేను ఇంజినీర్‌ని, కొలతలంటే పిచ్చి. ఒక్క టిక్కుతో ఏం కొలుస్తారండీ? నేను ఫిబ్రవరిలో ఒకటి పెట్టాను, జూన్‌లో ఇంకోటి పెట్టాను. నా తుంటి అలాగే ఉంది. ఇది సైన్సేనా?

జవాబు: మీలాంటివాళ్లు రాస్తేనే నాకు నిద్ర పట్టదు, సంతోషంతో.

ఫిబ్రవరిలో మంచు, జూన్‌లో ఎండ. స్వీడన్‌లో మనిషి ఆడే ఆట కాలంతో పాటే మారుతుంది, తుంటితో పనిలేకుండా. మీకు తెలియకుండానే మీరు ఈ స్కేలుకున్న అతిపెద్ద బలహీనతను పట్టుకున్నారు. వాలిడేషన్‌లో, అంటే ఫారం సరిగ్గా కొలుస్తోందా అని పరీక్షించేటప్పుడు, రెండోసారి ఫారం ఇచ్చేది అందుకే వారం, రెండు వారాల ఎడంతో. మొదటి జవాబు మర్చిపోవాలి, తుంటి మారకూడదు, రుతువు కూడా మారకూడదు. నేను నా మోకాలికి ఇలాంటిదే ఒకటి నింపి, రెండు వారాల తర్వాత మళ్లీ నింపితే ఒక మెట్టు తేడా వచ్చింది. మధ్యలో జరిగిందల్లా నాకు జలుబు చేయడం!

ఇలా వచ్చే తేడాను లెక్క కడతారు. మెట్ల స్కేలు కాబట్టి వెయిటెడ్ కాపా అనే అంకె వాడతారు, ఒక మెట్టు తేడాకు చిన్న జరిమానా, నాలుగు మెట్లకు పెద్ద జరిమానా. రెండుసార్ల జవాబులు ఎంత కలిశాయో చెప్పే ఐసీసీ అని ఇంకోటి, అది కనీసం 0.70 ఉండాలంటారు. ఈ అంకెల కంటే పేషెంటుకు పనికొచ్చేది వేరే ఉంది: ఎంత మారితే నిజంగా మారినట్టు? కొలత పొరపాటును 1.96తో, తర్వాత రెండు వర్గమూలంతో గుణిస్తారు. పొరపాటు అర మెట్టు అనుకుందాం, ఉత్తినే ఉదాహరణకు. 0.5ను 1.96తో, 1.41తో గుణిస్తే దాదాపు 1.4. స్కేలులో 1.4 మెట్లు ఉండవు కదా, కాబట్టి ఒక మనిషి రెండు మెట్లు ఎక్కితేనే నమ్మాలి, ఒక్క మెట్టయితే అది గాలివాటం కావచ్చు. వందమంది సగటు అయితే ఇంతకంటే చిన్న తేడా కూడా నమ్మొచ్చు, పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీ ఒక్కరి ఫారం చూసి "మెట్టు పెరిగింది, బాగుపడ్డారు" అనే ఫిజియో ఉంటే మాత్రం ఈ గుణకారం చేసి చూపించండి.

ఇక ఇది కొలుస్తానన్నదాన్నే కొలుస్తోందా అన్న సంగతి. ఒక ఫారంలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా ఎంత అని కొందరు విద్యార్థులు వెతుకుతుంటారు. ఒకే ప్రశ్న ఉన్నచోట ఆల్ఫా ఏముంటుంది, పదిమంది ఉంటే కదా మాట కలిసిందా అని చూసేది. ఇక్కడ చేసేది వేరే ఫారాలతో పోల్చడం. 2011లో కోపెన్‌హాగన్‌లో తయారైన హేగోస్‌కు ఆరు భాగాలున్నాయి: నొప్పి, లక్షణాలు, రోజువారీ పనులు, ఆటలు, శారీరక శ్రమలో పాల్గొనడం, జీవన నాణ్యత. మన స్కేలు నిజంగా ఆటల స్థాయిని కొలిస్తే, ఆటల భాగంతో, శ్రమ భాగంతో ఒకమాదిరిగా కలవాలి, నొప్పి భాగంతో అంతకంటే తక్కువ కలవాలి. ఏది ఎంత కలవాలో ఫలితాలు చూడకముందే రాసి పెట్టుకోవాలి, అందులో 75 శాతం నిజమైతే పాసు. మీకు వింతగా అనిపించేది ఇక్కడే ఉంటుంది: అన్నిటితోనూ 0.9 కలిస్తే (1 అంటే పూర్తిగా కలిసినట్టు) అది గొప్ప కాదు, పనికిమాలినతనం. ఉన్న ఫారమే మళ్లీ ఇంకో పేరుతో ఇచ్చినట్టు.

ఒకమాదిరిగానే కలవడానికి కారణం జీవితంలోనే ఉంది. నొప్పి పూర్తిగా పోయి కూడా, కవల పిల్లలు పుట్టి హాకీ మానేసినవాడు ఉంటాడు. నొప్పి నివారణ మాత్ర మింగి 8లోనే ఆడుతున్నవాడూ ఉంటాడు. స్కేలు చెప్పేది మీరు ఏం చేస్తున్నారో మాత్రమే. ఎలా చేస్తున్నారు, ఎందుకు మానేశారు అన్నది దానికి తెలియదు, అందుకే దాన్ని ఎప్పుడూ ఒంటరిగా ఇవ్వరు.

ప్రశ్న: మా అత్తగారికి ఉప్సాలాలో తుంటి మార్పిడి చేశారు. ఆవిడకీ ఇదే ఫారం ఇవ్వమని అడగాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఈ స్కేలును పరీక్షించింది ఇంపింజ్‌మెంట్ ఉన్న పేషెంట్ల మీద, వాళ్లు ఎక్కువగా ఆటలాడే వయసువాళ్లు. మీ అత్తగారి వయసువాళ్లకు ఇస్తే చాలామంది సున్నా దగ్గరో, ఒకటి దగ్గరో పోగవుతారు. 15 శాతానికి మించి మనుషులు అడుగు మెట్టు మీదే ఉంటే ఆ స్కేలు వాళ్లకు పనికిరాదని లెక్క, అందరూ ఒకటే అయితే తేడా ఎక్కడ కనపడుతుంది? తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లకు 1 నుంచి 10 దాకా ఉండే యూసీఎల్ఏ స్కేలు వాడతారు, నడక కూడా అందులో లెక్కలోకి వస్తుంది. ఆవిడ రోజూ నడుస్తున్నారా లేదా, అది కనుక్కోండి చాలు.

ప్రశ్న: నాకు స్వీడిష్ అంతంత మాత్రం. మా పాప, ఏడో తరగతి, చదివి చెప్తానంటోంది. లేకపోతే ఇంగ్లిష్ ఫారం నెట్‌లో తీసుకుని నింపి పట్టుకెళ్లనా?

జవాబు: రెండూ వద్దండీ. పాప చేత చదివిస్తే మీరు నొప్పి తగ్గించి చెప్తారు, ఆటలు పెంచి చెప్తారు, ఏ తండ్రైనా అంతే. ఇంగ్లిష్‌ది నింపితే మొదటిసారి ఒక భాషలో, ఏడాది తర్వాత స్వీడిష్ మెరుగై రెండోసారి ఇంకో భాషలో నింపుతారు, అప్పుడు మారింది తుంటో, భాషో ఎవరూ చెప్పలేరు. అపాయింట్‌మెంట్‌కు ముందే క్లినిక్‌కు ఫోన్ చేసి దుబాసీ కావాలని చెప్పండి, ఏర్పాటు చేస్తారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని స్వీడిష్ ఫారమే నింపండి, దుబాసీ సాయంతో నింపానని పైన ఒక ముక్క రాయించండి. ఏడాది తర్వాత కూడా అలాగే చేయండి, అప్పటికి భాష వచ్చేసినా సరే.

వచ్చే నెల మోకాలి చిప్ప. ఉత్తరాలు కాస్త చిన్నవి రాయండి, ఈసారి ఒకాయన పద్నాలుగు పేజీలు పంపారు, అందులో పదకొండు ఆయన తోట గురించి.